మన్యంలో వెట్టిని ఎదిరించిన సీతారామరాజు

ఫిబ్రవరి మాసం వచ్చిందంటే అమెరికా దేశంలో నల్లజాతి చరిత్ర గూర్చి ఊరూరా ప్రసంగాలు జరుగుతాయి. అదే నెల 8వ తేదీన శ్రీసభ పునీత జోసఫిన్ బఖిత పండుగను కొనియాడుతుంది. ఆమె సూడాన్ దేశపు బిడ్డ. చిన్నతనంలోనే బానిసల వర్తకులు ఆమెను ఎత్తుకుపోయి అమ్మివేశారు. అనేక చేతులు మారి, చివరకు ఇటలీ చేరింది. 1889లో అక్కడి న్యాయస్థానం ఆమె బానిస కాదని తీర్పు చెప్పింది. మఠకన్యగా జీవించి 1947లో కన్నుమూసింది. 2000వ సంవత్సరంలో పునీతురాలిగా ప్రకటింపబడింది.

మన విచారణలలో, పాఠశాలల్లో, హాస్టళ్లలో బానిసత్వం గూర్చి ప్రసంగించేవారు బఖిత కథ చెబుతారు, ఓడల కథ చెబుతారు. ఆఫ్రికా ఖండం నుండి సుమారు ఒక కోటి ఇరవై ఐదు లక్షల మందిని ఓడల్లో కుక్కి అట్లాంటిక్ సముద్రం మీదుగా తరలించారన్నది చరిత్రకారుల లెక్క. వారిలో దాదాపు పద్దెనిమిది లక్షల మంది దారిలోనే చనిపోయారు. ఇది తప్పక చెప్పవలసిన చరిత్రే. అయితే అరకు లోయలో, పాడేరులో, చింతపల్లిలో కూర్చుని ఆ ప్రసంగం వినే గిరిజన బిడ్డకు ఇంకొక కథ కూడా చెప్పాలి. అది వాళ్ల తాతముత్తాతల కథ. ఆ కథలో మనకందరికీ తెలిసిన పేరొకటి ఉంది. అది అల్లూరి సీతారామరాజు పేరు.

ఏటా జూలై 4న ఆయన జయంతి, మే 7న ఆయన వర్ధంతి జరుపుకుంటాం. విగ్రహానికి పూలమాల వేస్తాం. విల్లంబుల గురించి, పోలీసు స్టేషన్ల మీద దాడుల గురించి ఉపన్యాసాలు వింటాం. కాని ఆ పోరాటానికి మూలమైన కూలి డబ్బుల సంగతి ఆ సభల్లో తక్కువగా వినబడుతుంది. ఈ వారం మనం ఆ సంగతి నుండే ఆయన జీవితాన్ని చూద్దాం.

చట్టం పోయింది, చాకిరీ మిగిలింది

బ్రిటిష్ పార్లమెంటు 1833లో తన వలస రాజ్యాలలో బానిసత్వాన్ని రద్దు చేసింది. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలో ఉన్న మన దేశానికి అప్పుడు ఆ చట్టం వర్తించలేదు. 1843లో వచ్చిన మరొక చట్టం, మన దేశపు న్యాయస్థానాలు బానిసత్వాన్ని హక్కుగా గుర్తించకూడదని చెప్పింది. 1862 నుండి అమలైన శిక్షాస్మృతి ప్రకారం మనిషిని కొనడం, అమ్మడం నేరం. అమెరికాలో 1865లో రాజ్యాంగ సవరణ ద్వారా నల్లవారు విముక్తులయ్యారు.

కాగితం మీద అంతటితో కథ ముగిసింది. నేల మీద ముగియలేదు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో విడుదలైన నల్లవారికి భూమి లేదు. భూస్వామి దగ్గరే అప్పు తీసుకుని, ఆ అప్పు తీరేదాకా అతని పొలంలోనే పని చేయవలసి వచ్చింది. ఆ అప్పు ఎన్నటికీ తీరేది కాదు. చిన్నచిన్న నేరాలు మోపి నల్లవారిని జైళ్లలో వేసి, ఖైదీలను కంపెనీలకు, గనులకు అద్దెకు ఇచ్చేవారు. అలబామా రాష్ట్రంలో ఈ ఖైదీల అద్దె పద్ధతి 1928 వరకు నడిచింది.

మన కొండలలోనూ ఇటువంటిదే జరిగింది. 1839లో కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు న్యాయస్థానాల పరిధి నుండి తప్పించి, కలెక్టరును ఏజెంటుగా నియమించి ఆయన చేతిలో పెట్టింది. ఏజెన్సీ అన్న పేరు అలా వచ్చిందే. అక్కడి గిరిజనుడు ఆపదకో, పెండ్లికో షావుకారు వద్దనో, పెద్ద రైతు వద్దనో కొద్దిపాటి రొక్కం తీసుకునేవాడు. దానికి బదులుగా అప్పు తీరేదాకా అతని ఇంట చాకిరీ చేయాలి. చేసిన పని వడ్డీ కింద జమ అయ్యేది. అసలు అలాగే ఉండేది. తండ్రి చనిపోతే కొడుకు ఆ చాకిరీలో కుదిరేవాడు. దీనినే గొత్తి అన్నారు. అలబామాలో పత్తి చేనులో నల్లవాడిని కట్టిపడేసిన తాడు, మన కొండలలో గిరిజనుడిని కట్టిపడేసిన తాడు ఒక్కటే. దాని పేరు అప్పు.

ఇది గాక వెట్టి ఉండేది. సర్కారు అధికారి కొండెక్కితే ఆయన సామాను మోయాలి. డోలీ కట్టి ఆయననే మోయాలి. రోడ్డు వేయాలంటే ఊరి మగవారంతా గునపాలు పట్టుకుని పోవాలి. రావలసిన కూలి చేతికి వస్తుందన్న నమ్మకం ఉండేది కాదు. సముద్రం దాటించి అమ్మిన బానిసత్వమూ, ఈ వెట్టీ అన్ని విధాలా ఒకటి కావు. గిరిజనుడిని సంతలో వేలం వేయలేదు. అయినా తన ఒంటి కష్టం మీద తనకు అధికారం లేనప్పుడు ఆ మనిషి స్వతంత్రుడని ఎట్లా చెప్పగలం?

మైదానం బిడ్డ

సీతారామరాజు గిరిజనుడు కారు. 1897వ సంవత్సరం జూలై 4న భీమునిపట్నం దగ్గర పాండ్రంగి గ్రామంలో, మాతామహుల ఇంట జన్మించారు. వారి స్వగ్రామం పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లు. క్షత్రియ కుటుంబం. తల్లిదండ్రులు పెట్టిన పేరు శ్రీరామరాజు. తండ్రి వెంకటరామరాజు ఫొటోగ్రాఫరు. తల్లి సూర్యనారాయణమ్మ. 1908లో తండ్రి మరణించడంతో కుటుంబం కష్టాల పాలైంది. పినతండ్రి రామకృష్ణంరాజు ఆదరించారు. తండ్రి లేని పిల్లవాడు ఒక ఊరి బడి నుండి మరొక ఊరి బడికి మారుతూ పోయాడు. కాకినాడ, నర్సాపురం, విశాఖపట్నం ఇవన్నీ ఆయన చదువుకున్న ఊళ్లే. చదువు మాత్రం పూర్తి కాలేదు. గుర్రపు స్వారీ, జ్యోతిషం, మూలికా వైద్యం మీద మనసు పోయింది. ఉత్తర దేశ యాత్రలు చేసి, సన్యాసి వేషంలో 1917లో విశాఖ మన్యం అంచున ఉన్న కృష్ణదేవిపేట చేరారు. అక్కడ చిటికెల భాస్కరుడు కుటుంబం ఆయనకు ఆశ్రయమిచ్చింది.

మొదట్లో గిరిజనులు ఆయనను సాధువుగానే చూశారు. జ్వరానికి మందు అడగడానికి, మంచి రోజు చూపించుకోవడానికి, తగవులు చెప్పుకోవడానికి వచ్చేవారు. అలా వచ్చినవారి నోట ఆయన విన్నవి కష్టాలే. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టుకోవడానికి లేదు. కట్టె తెచ్చుకుంటే నేరం. పశువు అడవిలో అడుగుపెడితే జరిమానా. కల్లు గీతపై పన్నులు, ముఠాదారుల హక్కుల్లో కోతలు కొండ ప్రజలను ఇదివరకే మండించాయి. 1879లో రంప ప్రాంతంలో జరిగిన పెద్ద తిరుగుబాటు జ్ఞాపకం ఇంకా ఆరిపోలేదు. అంటే రాజు గారు వచ్చి గిరిజనులకు పోరాటం నేర్పలేదు. వారు తరతరాలుగా పోరాడుతూనే ఉన్నారు. ఆయన వచ్చి వారి పక్కన నిలబడ్డారు.

1921లో సహాయ నిరాకరణ గాలి మన్యానికీ వీచింది. రాజు గారు ఖద్దరు కట్టారు. కోర్టుల చుట్టూ తిరగవద్దని, తగవులను పంచాయతీలోనే తీర్చుకోవాలని, తాగుడు మానాలని ఊరూరా తిరిగి చెప్పారు. అనేక మంది గిరిజనులు తాగుడు మానివేశారు. తాగుడు, కోర్టు ఖర్చులు ఇవి రెండూ గిరిజనుడిని షావుకారు గుమ్మానికి నడిపించే దారులే గనుక, ఆ మాటలు అప్పు తాడును కోసే మాటలు కూడా.

రోడ్డు పని

ఆ రోజుల్లో గూడెం ప్రాంతానికి బాస్టియన్ అనే డిప్యూటీ తహశీల్దారు ఉండేవాడు. నర్సీపట్నం నుండి లంబసింగి మీదుగా కొండలలోకి ఘాట్ రోడ్డు వేయించే పని నడుస్తున్నది. గిరిజనులను బలవంతాన పనిలోకి దింపారు. న్యాయంగా ఇవ్వవలసిన కూలి ఇవ్వలేదు. అడిగినవారికి దెబ్బలు. బట్టిపనుకుల ముఠాకు చెందిన గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు బాస్టియన్ చేతిలో భూమి విషయంలో అన్యాయానికి గురయ్యారు. వారూ రాజు గారిని ఆశ్రయించారు.

మొదట ఆయుధం పట్టలేదు. పై అధికారులకు ఫిర్యాదులు వెళ్లాయి. న్యాయం జరగలేదు. పైగా 1922 ఆరంభంలో ప్రభుత్వం రాజు గారినే అనుమానించి, గూడెం నుండి తప్పించి, పోలీసు కాపలా మధ్య అడ్డతీగల దగ్గరి పైడిపుట్టలో ఉంచింది. పోలవరం డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లాఖాన్ ఆయనపై సానుభూతి గల అధికారి. ఆయన సహాయంతో అక్కడ కొంత భూమి దొరికింది. సేద్యం చేసుకుంటూ నిశ్చింతగా బ్రతికే అవకాశం ఎదురుగా ఉన్నది. కాని కొద్ది నెలలలోనే ఆయన తిరిగి గూడెం కొండలు ఎక్కారు. తన ఒక్కడి నెమ్మది కోసం రోడ్డు కూలీలను మరచిపోలేకపోయారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా దాడులు జరిగాయి. మూడు చోట్ల కలిపి 26 తుపాకులు, దాదాపు 2,500 తూటాలు చేజిక్కాయి. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న మొట్టడం వీరయ్యదొర విడుదలయ్యాడు. తీసుకున్న ఆయుధాల వివరం స్టేషను పుస్తకంలో వ్రాసి, సంతకం చేసి వెళ్లడం రాజు గారి పద్ధతి. దొంగతనం చేయడం లేదని, బాహాటంగా పోరాడుతున్నానని అధికారులకు తెలియాలని ఆయన కోరిక.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో గాలింపు దళం ఎదురైంది. ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనుక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులను కాల్చి చంపారు. ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. చనిపోయిన ఇద్దరూ తల్లుల బిడ్డలే. ఆ తరువాత రెండేళ్లలో పోలీసు తూటాలకు ఒరిగిన గిరిజనులూ తల్లుల బిడ్డలే. హింసను మనం కీర్తించనక్కర లేదు. తుపాకి మార్గాన్ని ఒప్పుకోని గాంధీ గారు సైతం 1929లో రాజు గారి ధైర్యాన్ని, త్యాగాన్ని గౌరవించారు. కూలి అడిగినవాడికి కూలి దొరికి ఉంటే, ఫిర్యాదు విన్నవాడు న్యాయం చేసి ఉంటే, ఆ ఘాటీలో తుపాకి పేలేది కాదు. ఆ బాధ్యతను మరచి తిరుగుబాటును మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు.

ఆకలి ముట్టడి

అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్లకు రాజు గారి దళం వెళ్లింది. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం వద్ద మాత్రం గట్టి దెబ్బ తగిలింది. అనుచరులు కొందరు ప్రాణాలు కోల్పోయారు, ఆయుధాలు పోయాయి. 1923 ఏప్రిల్‌లో ఆయన అన్నవరంలో కనిపించినప్పుడు జనం భక్తితో ఎదురు వచ్చారు. సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డాడు. 1924 ఆరంభంలో అస్సాం రైఫిల్స్ దళాలు దిగాయి. రూథర్‌ఫర్డ్ అనే అధికారికి ప్రత్యేకాధికారం ఇచ్చి పంపారు.

ఆ చివరి నెలల్లో ఎక్కువ బాధపడ్డది అడవిలో ఉన్న దళం కాదు, ఊళ్లలో ఉన్న జనం. దళానికి తిండి పెట్టారన్న అనుమానం వస్తే చాలు, ఊరిపై విరుచుకుపడేవారు. ధాన్యం అందకుండా చేశారు. మన్యంలో వేసవి అంటేనే గింజలు నిండుకునే కాలం. మామిడి టెంకల పిండితో అంబలి కాచుకునే రోజులవి. తన మూలంగా పల్లెలు మాడిపోవడం చూసి రాజు గారి మనసు నలిగిందని, లొంగిపోవడానికే సిద్ధపడ్డారని మన్యంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

1924 మే 7న మంప గ్రామం దగ్గర ఆయన పట్టుబడ్డారు. కొయ్యూరుకు తీసుకువెళ్లారు. విచారణ లేదు, న్యాయాధిపతి లేడు, తీర్పు లేదు. మేజర్ గూడాల్ అనే సైనికాధికారి ఆధ్వర్యంలో అదే రోజున కాల్చి చంపారు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్లు. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉన్నది. మరుసటి నెలలో గంటందొర కూడా పోరులోనే నేలకొరిగాడు.

మిగిలినవారి కథ

ఒక్క పేరు మాత్రమే తలచుకుంటే తక్కిన పేర్లు మరుగునపడతాయి. అమెరికాలో బానిసల విముక్తి అంటే లింకన్ పేరే చెబుతారు. పారిపోయిన, తిరగబడిన, యుద్ధంలో చేరి పోరాడిన నల్లవారి పేర్లు చాలాకాలం ఎవరూ చెప్పలేదు. మన దగ్గర కూడా గంటందొర, వీరయ్యదొర, ఇంకా పేరు తెలియని వందలాది గిరిజనులు సీతారామరాజు నీడలో ఉండిపోయారు.

మల్లుదొరకు మొదట మరణశిక్ష పడింది. తరువాత దానిని యావజ్జీవ శిక్షగా మార్చి అండమాన్ పంపారు. అంతటి కష్టం అనుభవించి బ్రతికి వచ్చిన మనిషి, 1952లో స్వతంత్ర భారతదేశపు తొలి సాధారణ ఎన్నికల్లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. వెట్టి చేయించుకున్న ప్రభుత్వం వెళ్లిపోయింది. వెట్టిని ఎదిరించినవాడు చట్టాలు చేసే సభలో కూర్చున్నాడు. మన పిల్లలకు చెప్పవలసిన గొప్ప ముగింపు ఇది.

అయితే చట్టాలు చాలా నెమ్మదిగా వచ్చాయి. రాజు గారు చనిపోయిన పదహారేళ్లకు, 1940లో, మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాలలో అప్పు చాకిరీని రద్దు చేస్తూ నిబంధన తెచ్చింది. 1950లో అమలైన రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని, మనుషుల వ్యాపారాన్ని నిషేధించింది. 1959లో గిరిజన భూముల బదలాయింపుపై ఆంక్షలు వచ్చి, 1970లో మరింత గట్టిపడ్డాయి. 1969లో ముఠాదారీ పద్ధతి రద్దయింది. 1976లో పార్లమెంటు వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం చేసింది. లంబసింగి రోడ్డు కూలీ అడిగిన న్యాయం చట్టంగా మారడానికి అర్ధ శతాబ్దం పట్టింది.

మన వంతు

2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. అరకు లోయ, చింతపల్లి, కొయ్యూరు అన్నీ ఆ జిల్లాలోనివే. జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. పేరు పెట్టడం మంచిదే. ఆ పేరుకు తగినట్లు బ్రతకడం ఇంకా మంచిది.

ఒకనాడు అధికారులను మోయడానికి గిరిజనులు డోలీ కట్టారు. రోడ్డు లేని కొండ గూడేల్లో ఇంకా డోలీ కడుతూనే ఉన్నారు, నొప్పులు పడుతున్న గర్భిణిని ఆసుపత్రికి చేర్చడానికి. ఒకనాడు బలవంతాన ఎవరికోసమో రోడ్డు వేశారు. ఈ కాలంలో తమ ఊరికి రోడ్డు కావాలని అర్జీలు పెట్టి విసిగి, చందాలు వేసుకుని, తామే పారలు పట్టి దారి వేసుకున్న గూడేల గురించి పత్రికల్లో చదివాం. గొత్తి అన్న మాట వినబడకపోవచ్చు. అడ్వాన్సు అన్న మాట వినబడుతుంది. దూరపు ఇటుక బట్టీకి కుటుంబమంతా వెళ్లేముందు మేస్త్రీ చేతిలో పెట్టే ఆ రొక్కం, తీరేదాకా వదలని అప్పుగా మారితే, అది పాత తాడే.

1976 చట్టం ప్రకారం ఇటువంటి అప్పు చెల్లదు. అలా చిక్కుకున్నవారిని విడిపించి, విడుదల పత్రం ఇచ్చి, పునరావాసం కల్పించే బాధ్యత కలెక్టరుది, ఆయన కింది అధికారులది. ఈ సంగతి తెలియని కుటుంబాలు కొండల్లో ఎన్నో ఉన్నాయి. మన ఉపదేశులు, ఉపాధ్యాయులు, యువజనులు ఈ ఒక్క సంగతి గూడెంలో చెప్పినా మేలే.

నిర్గమకాండములో ఫరో రాజు యిస్రాయేలీయులతో ఇటుకలు చేయించాడు. గడ్డి ఇవ్వకుండానే లెక్క తగ్గకూడదన్నాడు. ఆ మొర దేవుడు విన్నాడని మనం ప్రతి పాస్కకు చదువుకుంటాం. ఈసారి బానిసత్వం గూర్చి మన విచారణలో ప్రసంగం జరిగినప్పుడు బఖిత కథతో పాటు లంబసింగి రోడ్డు కథ కూడా చెప్పండి. చెప్పి, ఎదురుగా కూర్చున్నవారిని ఒక్క ప్రశ్న అడగండి. మన పొలంలో, మన ఇంట్లో, మన కాఫీ తోటలో, మన సంస్థలో పని చేసినవారికి ఈ వారం కూలి పూర్తిగా అందిందా? ఆ ప్రశ్నకు మనం నిజాయితీగా జవాబు చెప్పగలిగిన రోజున సీతారామరాజు విగ్రహానికి వేసే పూలమాలకు అర్థం ఉంటుంది.